యాప్ చేసినోళ్లు పోయినంక మన పట్టాల లెక్క ఎవరు చూస్తరు?



కొంచెం పెద్ద పోస్టు. చివరిదాకా చదివి తిట్టాలనిపిస్తే తిట్టండి. సగం చదివి మాత్రం తిట్టకండి.

నాలుగు రోజుల నుంచి గ్రూపులో ఒకటే సంబరం. ఒక సంస్థ మన తండాలకు, చెంచు పెంటలకు ఉచితంగా యాప్ చేసి ఇస్తదట. పోడు పట్టాలు, పెండింగులో ఉన్న క్లెయిములు, కుల ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్పు వివరాలు అన్నీ ఒక్కచోట ఉంటాయట. సోమశిలలో కృష్ణ ఒడ్డున మీటింగు పెట్టి మొదలుపెడదామని కొందరు తేదీ కూడా చూస్తున్నారు. ఫ్లెక్సీ డిజైను కూడా వచ్చేసింది.

నేను వద్దంటున్న. యాప్ వద్దని కాదు, ఈ ఒప్పందం మీద వద్దు.

ఆ ఒప్పందం రెండు పేజీలు గ్రూపులోనే పెట్టారు కదా, ఎంతమంది చదివారు? నేను మూడుసార్లు చదివిన. యాప్ ఎప్పుడు మొదలవుతదో ఉంది. లోగో ఎక్కడ ఉండాలో ఉంది. ఏడాదికి ప్రాజెక్టు ముగుస్తదని కూడా ఉంది. ముగిసిన తెల్లారి ఏం జరుగుతదో ఒక్క లైను లేదు. ఆ లేని లైను గురించే ఈ పోస్టు అంతా.

మా తండాలో ఒకసారి ఇట్లాంటిదే జరిగింది. ట్యాబులు పట్టుకొని పిల్లలు వచ్చారు, మంచోళ్లే. ఇంటింటికీ తిరిగి ఎవరికి ఎంత భూమి, ఏ కాగితం ఉంది, ఏది లేదు అన్నీ రాసుకున్నారు. మా తాత ట్రంకు పెట్టె అడుగు నుంచి కాగితాలన్నీ తీసి ఫొటోలు తీయించాడు. "ఇంక ఎలుకలు కొట్టినా భయం లేదు తాతా, అన్నీ ఇందులో ఉన్నాయి" అన్నారు. ఆయన నమ్మాడు. తర్వాత ఆ ట్రంకులో నీళ్లు పడి రెండు కాగితాలు పాడయ్యాయి. ఫొటోలు ఉన్నాయి కదా అని లింకు తెరిస్తే తెల్లటి పేజీ. ఫోన్ చేస్తే "ఆ టీం ఇప్పుడు లేదండీ, ప్రాజెక్టు క్లోజ్ అయింది" అన్నారు. ఎవరూ మోసం చెయ్యలేదు. ఎవరి ఉద్యోగం వాళ్లు చూసుకున్నారు, అంతే. కాని మా తాత లెక్కలో మోసానికీ దీనికీ తేడా ఏంది?

చిన్న సంస్థ కాబట్టి అట్లయిందని అంటరేమో. సరే, పెద్దదే చూద్దాం. తెలంగాణలో భూమి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన పేరు, ధరణి.

2020 అక్టోబర్ 29న ధరణి మొదలైంది. దానికి ముందు నెలలోనే చట్టం తెచ్చి వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. వీఆర్వోలు అందరూ సత్యసంధులని నేను అనను, మన తండాలవాళ్లకు ఆ బాధ బాగానే తెలుసు. కాని ఏ సర్వే నంబర్లో ఎవరు దున్నుతున్నారో చూసి చెప్పగల మనిషి ఊళ్లో ఒకడుండేవాడు. ఆ మనిషిని తీసేశారు. లెక్క మొత్తం యంత్రంలో పెట్టారు. ఆ యంత్రం తెలిసిన మనుషుల్ని కాంట్రాక్టు మీద పెట్టారు. అసలు కథ అక్కడ మొదలైంది.

పోర్టల్ నడిపింది టెర్రాసిస్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు కంపెనీ. దాని పాత పేరు ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ టెక్నాలజీస్. మాతృసంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ 2018లో అప్పులు కట్టలేక కుప్పకూలింది. తర్వాత కంపెనీ చేతులు మారింది, పేరు మారింది. ఒక రాష్ట్రం భూముల లెక్క చూసే కంపెనీ యజమాని మారితే ఆ భూములున్న రైతును ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. మా ఊరి రైతుకు ఆ కంపెనీ పేరే తెలియదు.

2024 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ధరణి నిర్వహణను ఆ కంపెనీ నుంచి తీసి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి ఇవ్వాలని నిర్ణయించింది. డిసెంబర్ 1 నుంచి ఎన్ఐసీ చూసుకుంటోంది. మధ్యలో అప్పగింతకు దొరికింది సుమారు నెల రోజులు. నాలుగేళ్లు నడిచిన, రాష్ట్రం మొత్తం భూముల లెక్క ఉన్న సాఫ్ట్‌వేరును నెల రోజుల్లో కొత్త టీం చేతిలో పెట్టాలి! మనింట్లో పెద్దోళ్లు పాలేరుకు మోటరు, స్టార్టరు, పైపులైను చూపించి అప్పజెప్పడానికే నాలుగు రోజులు పడుతది. తర్వాత 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, దానితో కొత్త చట్టం వచ్చింది. పాత చట్టంలో లేని అప్పీలు ఏర్పాటు మళ్లీ వచ్చింది. రద్దు చేసిన ఊరి అధికారి స్థానంలో గ్రామ పాలన అధికారులు వచ్చారు. అంటే యంత్రం ఒక్కటే చాలదని, చూసి చెప్పే మనిషి కావాలని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఒప్పుకోవడానికి ఐదేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక అన్న కామెంటు పెడతాడని నాకు తెలుసు. "ఎన్ఐసీ తీసుకుంది, పోర్టల్ ఆగలేదు, ఇంకేంది నీ బాధ?" అన్నా, ఆ ప్రశ్న మంచిదే. ఆగకపోవడానికి కారణం ఏంది? వెనక ప్రభుత్వం ఉంది. 1976 నుంచి ఉన్న ఎన్ఐసీ లాంటి సంస్థ ఉంది. కంపెనీని కూర్చోబెట్టి అప్పజెప్పమని అడిగే బలం ఉంది. మన యాప్‌కు ఏడాది తర్వాత ఏ ఎన్ఐసీ వస్తది? నువ్వొస్తవా, నేనొస్తనా? రాష్ట్ర ప్రభుత్వానికే నాలుగేళ్లు పట్టిన పనిని మనం "తర్వాత చూసుకుందాం" అంటున్నాం.

మీలో చాలామంది ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటుకు అప్లై చేసినోళ్లే. ఈపాస్‌ను మనం ఎంత తిట్టుకున్నా ఒక సంగతి చూడండి. అది ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, రాష్ట్రం విడిపోయినా, ప్రభుత్వాలు మారినా ఇంకా నడుస్తోంది. ఎందుకంటే దాన్ని చూసే సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ అనే సంస్థ ఏడాది ప్రాజెక్టు మీద రాలేదు. అది 2001 నుంచి ఉంది. అందులో మనుషులు మారుతరు, కుర్చీ ఉంటది. మన యాప్‌కు ఆ కుర్చీ ఎక్కడుంది అన్నదే నా ప్రశ్న.

"యాప్ ఒకసారి చేస్తే అయిపోయింది కదా, మళ్లీ నడపడం ఏంది?" అని అడిగిన తమ్ముడికి ఇది చెప్పాలి. యాప్ అంటే గోడ కాదు, కట్టి వదిలేస్తే నిలబడదు. సర్వరుకు నెలనెలా కిరాయి కట్టాలి. వెబ్ చిరునామాను ఏడాదికోసారి రెన్యువల్ చెయ్యాలి, చెయ్యకపోతే అదే పేరు ఇంకెవడో కొనుక్కుంటడు. ఇదివరకు పట్టాల వివరాలున్న చిరునామాలో రేపు పేకాట ప్రకటనలు కనపడొచ్చు. ఆ చిరునామాకు భద్రత సర్టిఫికెట్టు ఉంటది. ఉచితంగా దొరికేది 90 రోజులకే అయిపోతది, అది దానంతటదే తిరిగి తీసుకునేట్టు ఎవరో ఒకరు పెట్టాలి. ప్లేస్టోర్‌లో ఉన్న యాప్‌ను గూగుల్ చెప్పే కొత్త ఆండ్రాయిడ్ లెవెలుకు ఎప్పటికప్పుడు మార్చకపోతే కొత్త ఫోన్లు కొన్నోళ్లకు ఆ యాప్ ప్లేస్టోర్‌లో కనపడకుండా పోతది. ఓటీపీ మెసేజీ రావాలంటే ట్రాయ్ నిబంధన ప్రకారం పంపేవాళ్ల పేరు, మెసేజీ నమూనా ముందే రిజిస్టరు అయి ఉండాలి. అది ఆ సంస్థ పేరు మీద ఉందనుకోండి, వాళ్లు పోయిన రోజే మెసేజీ ఆగుతది. మెసేజీ రాకపోతే లాగిన్ లేదు. లాగిన్ లేకపోతే మన కాగితాలు మనకే లేవు.

వీటిలో ఏదీ పెద్ద విద్య కాదు. అన్నీ చిన్న చిన్న పనులే. కాని ఎవరి పని అన్నది రాసి లేకపోతే అది ఎవరి పనీ కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. టీం పోయినప్పుడు నాలుగు వస్తువులు వాళ్లతో పోతాయి. మొదటిది సోర్స్ కోడ్, అంటే యాప్ రాసిన అసలు రాత. రెండోది డేటా, అంటే మన వివరాలు. మూడోది తాళాలు, అంటే సర్వరుకు, వెబ్ చిరునామాకు, ప్లేస్టోర్ ఖాతాకు ఉన్న పాస్‌వర్డులు, యాప్‌కు సంతకం చేసే కీ. నాలుగోది తెలివిడి, అంటే ఏది ఎందుకు అట్ల చేశారో వాళ్ల తలలో ఉన్నది. మొదటి మూడు అడిగితే పెన్‌డ్రైవులో ఇస్తరు. నాలుగోది పెన్‌డ్రైవులోకి రాదు. అది మనోళ్లు వాళ్ల పక్కన కూర్చొని నేర్చుకుంటేనే వస్తది. ఒప్పందంలో ఈ నాలుగింట్లో ఒక్కదాని ఊసు కూడా లేదు.

సోమశిలలో మీటింగు అంటున్నారు కాబట్టి సోమశిల సంగతే చెప్త. మనం మొక్కే సోమేశ్వరుడి గుళ్లు ఇప్పుడున్న చోట పుట్టినవి కాదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతాయని విప్పి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. గుడిని విప్పే పద్ధతి ఏంది? ఒక్కో రాయికి నంబరు వేస్తరు, ఏ రాయి పక్కన ఏ రాయో గీసి పెట్టుకుంటరు. మొదట కట్టిన శిల్పులు పోయి వందల ఏళ్లయింది. అయినా గుడి మళ్లీ లేచింది, ఎందుకంటే విప్పినోళ్లు రాసి పెట్టుకున్నారు.

మరి అదే నీళ్లలో మునిగిన ఊళ్ల మనుషులకు ఏం జరిగింది? 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో పట్టుకొని తండ్రులు తిరిగారు, తర్వాత కొడుకులు తిరిగారు. ఏ కుటుంబం ఎక్కడ మునిగింది, ఎవరు వారసులు, ఎవరి పేరు లిస్టులో ఉంది, ఎవరి పేరు లేదు అని ఏళ్ల తరబడి కలెక్టరేట్ల ముందు ధర్నాలు చేశారు. రాళ్లకు పెట్టిన శ్రద్ధ మనుషుల లెక్కకు పెట్టలేదు. అప్పుడు యాప్ లేదు, కాగితమే ఉంది. కాబట్టి "యాప్ వద్దు, కాగితమే మేలు" అనేవాళ్లతో కూడా నేను కలవను. కాగితమైనా, కంప్యూటరైనా, లెక్క మన చేతిలో లేకపోతే జరిగేది ఒక్కటే.

ఇప్పుడు పోడు దగ్గరికి రండి. 2006 అటవీ హక్కుల చట్టం ఏం చెప్తుంది? హక్కు ఎవరికి ఉందో తేల్చే పని మొదలుపెట్టాల్సింది గ్రామసభ. ఆ సభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ క్లెయిములు తీసుకోవాలి, పరిశీలించాలి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద రావాలి. ఆ పట్టా అమ్మడానికి లేదు, వారసులకు మాత్రం పోతది. 2021 నవంబర్‌లో మన రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పంపిణీ మొదలుపెట్టారు. సుమారు లక్షా 51 వేల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిస్తున్నామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. రాని వాళ్ల బాధ మన గ్రూపులో రోజూ చూస్తనే ఉన్నాం.

పట్టా వచ్చినోళ్లకు పదేళ్లకో ఇరవై ఏళ్లకో వారసత్వం అవసరం పడుతది. తిరస్కరించినోళ్లకు అప్పీలులో పాత రుజువు అవసరం పడుతది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నామని చూపాలి. ఆ రోజు పొలంలో ఉన్న పెద్దోళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ల మాటలు, ఫొటోలు, పాత జరిమానా రసీదులు ఇప్పుడు యాప్‌లోకి ఎక్కిస్తామంటున్నారు. ఏడాది ప్రాజెక్టులో ఇరవై ఏళ్లకు అవసరమయ్యే రుజువును పెడతరా? ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంటాయి కదా అంటరేమో. మా తాత ట్రంకు సంగతి పైన చెప్పిన.

ఇంకొకటి. ఆ డేటా ఎవరి దగ్గర ఉంటదో కూడా రాసి లేదు. నల్లమలలో ఎవరు ఎక్కడ ఎంత సాగు చేస్తున్నారో పటంతో సహా ఒక్కచోట ఉంటే అది మనకు రుజువు. వేరేవాళ్ల చేతిలో పడితే ఖాళీ చేయించే లిస్టు. యురేనియం గొడవ 2019లో చూసినం, పులుల అభయారణ్యం పేరు మీద చెంచుల్ని తరలిద్దామనే మాటలు ఇంకా వింటున్నం. ఇది మర్చిపోయి సంతకం పెడదామా?

"మనతోని అయ్యే పని కాదు, కంపెనీలే నడపాలి" అనేవాళ్లకు న్యూజిలాండ్ కథ ఒకటి. హొరోఫెనువా అనే చిన్న ప్రాంతంలో లైబ్రరీలకు 2000 సంవత్సరం వస్తే పాత సాఫ్ట్‌వేరు పనిచెయ్యదని తెలిసింది. కటిపో అనే చిన్న కంపెనీతో కొత్తది రాయించుకున్నారు. దానికి కోహా అని పేరు పెట్టారు. అక్కడి మావోరీ ఆదివాసీల భాషలో కోహా అంటే కానుక. వాళ్లు చేసిన తెలివైన పని ఒక్కటే. కోడ్‌ను ఎవరైనా వాడుకునేట్టు, మార్చుకునేట్టు బహిరంగంగా పెట్టించారు. 2007లో రాసిన కంపెనీ ఆ పనిని వేరే కంపెనీకి అమ్మేసింది. తర్వాత పేరు మీద, వెబ్‌సైటు మీద పెద్ద గొడవ నడిచింది. అయినా కోహా చావలేదు. కోడ్ అందరి దగ్గర ఉంది కాబట్టి లైబ్రరీలవాళ్లే కలిసి వేరే చిరునామాలో నడుపుకున్నారు. ఇవాళ మన దేశంలో ఎన్నో కాలేజీ లైబ్రరీల్లో అదే నడుస్తోంది. మీ కాలేజీ లైబ్రరీలో అడిగి చూడండి.

దీనికి ఎదురు కథ అమెరికాది. 2020 ఏప్రిల్‌లో కరోనా వచ్చి ఉద్యోగాలు పోయినప్పుడు, న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు కోబాల్ తెలిసిన వాళ్లు స్వచ్ఛందంగా రావాలని అడగాల్సి వచ్చింది. కోబాల్ ఎప్పుడో 1959 నాటి కంప్యూటరు భాష. నిరుద్యోగ భృతి లెక్క ఆ పాత యంత్రాల్లో ఉంది, అది తెలిసినోళ్లు రిటైరై పోయారు. డబ్బుకు కొదువ లేని దేశం అది. తెలివిడిని తర్వాతి తరానికి అప్పజెప్పకపోతే డబ్బు కూడా అక్కరకు రాదు.

మన దేశంలో కూడా ప్రభుత్వ సాఫ్ట్‌వేరుకు ఓపెన్ సోర్స్ వాడాలని, సర్కారు యాప్‌ల సోర్స్ కోడ్ తెరిచి పెట్టాలని కేంద్రం 2015లోనే విధానాలు తెచ్చింది. సర్కారునే అడగదగ్గ మాటను ఉచితంగా ఇస్తామని వచ్చిన సంస్థను అడగడానికి మనకు మొహమాటం ఎందుకు?

ఉచితం అన్న మాటకే మనం పడిపోతున్నాం. వాళ్లు ఇచ్చేది ఏడాది పని. మనం ఇచ్చేది మన అందరి కాగితాలు, మన పెద్దోళ్ల మాట, మన నమ్మకం. ఇది ఉచితం కాదు, బేరం. బేరమైతే షరతులు మనం కూడా పెట్టాలి. నేను అడిగేవి ఇవి:

1. సోర్స్ కోడ్ మొదటి రోజు నుంచే మన సంఘం ఖాతాలో ఉండాలి, ఓపెన్ లైసెన్సుతో. చివర్లో ఇస్తాం అంటే ఒప్పుకోవద్దు.

2. వెబ్ చిరునామా, ప్లేస్టోర్ ఖాతా, సర్వరు, మెసేజీల రిజిస్ట్రేషను అన్నీ మన సంఘం పేరు మీద ఉండాలి. తాళాలు ముగ్గురి దగ్గర ఉండాలి, ఒక్కరి దగ్గర కాదు. ఆ ముగ్గురిలో ఒక అక్కో చెల్లెలో తప్పనిసరి.

3. మూడు నెలలకోసారి డేటా మొత్తం మామూలు ఎక్సెల్‌లో, పీడీఎఫ్‌లో మనకు రావాలి. ఏ ఇంటి కాగితాలు ఆ ఇంటికి ప్రింటు తీసి ఇవ్వాలి. ఏ ఊరి లిస్టు ఆ ఊరి అటవీ హక్కుల కమిటీ దగ్గర ఉండాలి.

4. మన పిల్లలు ఇద్దరు ముగ్గురు మొదటి రోజు నుంచి వాళ్ల టీంలో కూర్చోవాలి. బీటెక్, డిగ్రీ కంప్యూటర్స్ చదివి అమీర్‌పేటలో కోచింగుకు తిరిగేవాళ్లు మనలో ఎంతమంది లేరు! వాళ్లకు భృతి ఆ ప్రాజెక్టు నుంచే ఇవ్వాలి.

5. టీం పోవడానికి మూడు నెలల ముందు, వాళ్లను పక్కన నిలబెట్టి మనోళ్లే ఒక నెల నడిపి చూడాలి. నడిపితేనే అప్పగింత అయినట్టు.

6. ఏడాది తర్వాత నడిపే ఖర్చు ఎంతో ఇప్పుడే రాసి ఇవ్వాలి. అది మనం మోయగలిగేదైతేనే మొదలుపెట్టాలి. మోయలేకపోతే యాప్‌ను చిన్నది చేద్దాం. పది ఫీచర్లున్న చచ్చిన యాప్ కంటే ఫొటో, పేరు, సర్వే నంబరు ఉన్న బతికిన లిస్టు మేలు.

7. మన అనుమతి లేకుండా డేటా ఎవరికీ ఇవ్వొద్దు. మూసేస్తే మొత్తం మనకు అప్పజెప్పి వాళ్ల దగ్గర తుడిచేసినట్టు రాసివ్వాలి.

"ఇన్ని షరతులు పెడితే వాళ్లు వెనక్కి పోతరు" అని భయపడేవాళ్లున్నారు. నిజంగా మన మేలు కోరి వచ్చినోళ్లయితే ఈ ఏడింటికీ సంతోషంగా ఒప్పుకుంటరు, ఇందులో వాళ్లకు నష్టం ఏమీ లేదు. ఒప్పుకోకపోతే, వాళ్లకు కావాల్సింది మన యాప్ కాదు, మన ఫొటోలున్న రిపోర్టు అని తెలిసిపోతది. తెలియడమూ మంచిదే.

ఆరో షరతు విని మన వాళ్లలోనే కొందరు నొచ్చుకుంటారు, తెలుసు. నెలకు తలా ఇంత వేసుకోవాలంటే ముందు నిలబడేది ఎవరని అడుగుతారు. అది నిజమైన కష్టం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఈ పోస్టు కింద లైకు కొట్టి పోకుండా, నెలకు ఎంత పెట్టగలరో రాయండి. మొదటి పేరు నాది రాసుకోండి. డబ్బు పెట్టలేని వాళ్లు ఆదివారం పూట రెండు గంటలు పెట్టండి. అదీ చెయ్యలేం అంటే ఫ్లెక్సీ కూడా కట్టొద్దు.

సోమశిల రేవులో పుట్టి నడిపేవాళ్లను చూసే ఉంటరు. పుట్టి అల్లినోడు ఎక్కడో ఉంటడు, ఉండకపోవచ్చు కూడా. కాని అడుగున చిల్లు పడితే నడిపేవాడే తారు కాచి పూసుకుంటడు. అల్లినోడి కోసం ఒడ్డున ఎదురుచూస్తూ కూర్చోడు. కూర్చుంటే ఆ పూట చేపలు లేవు.

మీటింగుకు నేను వస్త. సంతకం పెట్టే ముందు ఈ ఏడు షరతులు చదివి వినిపించాలని అడుగుత. మీలో ఇంకో పదిమంది లేచి అదే అడిగితే చాలు.

జై సేవాలాల్. జై ఆదివాసీ.